పాండవుల గుట్టలు: ఇసుక కొండయైన వైనము

ఓరుగల్లు నుండి పరకాల మీదుగా భూపాలపల్లికి పోవు బాటలో, రేగొండకు చేరువగా, ఎత్తుచేత గాక ఆకృతిచేత చూపరులను నిలువరించు కొండల వరుస యొకటి కలదు. వనవాసకాలమున పాండవులు ఇచట తలదాచుకొనిరని చుట్టుపట్ల గ్రామములవారు నమ్ముదురు. ఎదురు పాండవులు, గొంతెమ్మ గుట్ట మొదలగు పేర్లు ఆ విశ్వాసమును నేటికిని నిలుపుచున్నవి. తెలంగాణలో భూవారసత్వ స్థలముగా గుర్తింపు పొందిన యీ గుట్టలను చూడబోవువారు ముందుగా ఎరుగవలసినది వీని శిలాజన్మ వృత్తాంతము.

హనుమకొండ పరిసరములందలి గుండ్రని బండలు, భూగర్భమున కరగియున్న శిలాద్రవము మెల్లమెల్లగా చల్లారి గట్టిపడగా నేర్పడిన గ్రానైటు. పాండవుల గుట్టలు అట్టివి కావు, ఇవి ఇసుకరాయి. నేలపై చెట్టుచేమలు ఇంకను పుట్టని కాలమున, 50 కోట్ల సంవత్సరములకు పూర్వమే, గోదావరీ ప్రాంతమున నీరు మోసికొనివచ్చిన ఇసుక పొరపై పొరగా పరచుకొని, పైపొరల బరువునకు అణగి, రేణువుల నడుమ పేరుకొనిన ఖనిజములచే బంధింపబడి శిలయైనది. హిమాలయములను లేపిన భూఖండముల తాకిడి సుమారు 5 కోట్ల సంవత్సరముల నాటిది. ఈ రాయి దానికి పదిరెట్లకు మించి ప్రాచీనము.

ఇసుకరేణువులలో అధికభాగమైన క్వార్ట్జు వాననీటికి సులభముగా లొంగదు. అయినను పొరలన్నియు సమానముగా బిగిసినవి కావు. రాతిలో నిలువు పగుళ్లును కలవు. ఆ సందులలో దిగిన నీరును, వేళ్లును, ఎండవేడిమియు యుగములపాటు పనిచేసి మెత్తని పొరను తొలిచివేయగా, దానిపై గట్టిపొర ఇంటిచూరువలె ముందుకు నిలిచినది. పగుళ్లవెంట బండలు విడిపడినచోట నిటారు గోడలును, ఇరుకు సందులును వెలసినవి.

1990లో వెలుగులోనికి వచ్చిన ప్రాచీన చిత్రములు ఈ శిలాశ్రయములందే నిలిచియున్నవి. అడవిదున్న, జింక, పులి, చిరుత వంటి మృగములను, విల్లమ్ములను, వలయ స్వస్తికాది రేఖాకృతులను ఆనాటివారు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు వన్నెలలో లిఖించిరి. శిలాచిత్రములలో ఎరుపునకు సామాన్యముగా వాడబడు కావిరాయి ఇనుపఖనిజము గనుక ఎండకు వెలవెలబోదు. కాని రాతిపై పలుచగా అంటియున్న ఆ పొడి వానధారకు ఓర్వలేదు. కొండ తన్ను తాను కోసికొని ఏర్పరచిన చూరే చిత్రమునకు రక్షణ.

అందుచేత సందర్శకులు బొమ్మలు స్పష్టముగా కనబడుటకై వానిపై నీరు చల్లరాదు. నీటిలో కరగిన లవణములు ఆరునప్పుడు స్ఫటికములై రాతి చర్మమును పెళ్లలుగా లేపును. చేతితో తడవుటయు, గుహలో పొయ్యి రాజేయుటయు, గోడపై పేర్లు చెక్కుటయు అంతటి అపచారములే. రాతిపొర ఊడిన పిమ్మట మరల పూయుటకు ఆ చిత్రకారులు లేరు. కావున ఈ గుట్టలను కన్నులతో మాత్రమే చదువుటను మన బిడ్డలకు నేర్పుట, చట్టముకంటెను ముందుగా, మనకు విధాయకము.