అక్వేరియం చేపలకు క్రిమిరోగం: మూడు మెట్ల చికిత్స

ఆయుర్వేదం మనుష్యులకు మాత్రమే చెప్పబడిన శాస్త్రం కాదు. ఏనుగులకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదం, గుర్రాలకు శాలిహోత్ర శాస్త్రం, చెట్లకు వృక్షాయుర్వేదం మనకు కలవు. చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన మానసోల్లాసంలో చేపల జాతులను, వాటికి వేసే మేతను వర్ణించిన భాగమొకటి ఉన్నది. అయితే గాజు తొట్టిలో పెంచే చేపకు జబ్బు చేస్తే ఏమి చేయాలన్నది ఈ కాలపు ప్రశ్న. నా వద్దకు వైద్యానికి వచ్చే కుటుంబాలవారు ఈ మధ్య దీనిని తరచుగా అడుగుతున్నారు. "చేప బాగానే తింటున్నది, అయినా చిక్కిపోతున్నది. కడుపులో పురుగులున్నాయేమో! తొట్టిలో వాయువిడంగాలు వేయవచ్చునా?" అన్నది వారి సందేహం.

ఇందులో మొదటి సగం సరియైన ఊహయే. తొట్టి చేపల పేగులలో క్రిములు చేరడం చాలా సాధారణం. రెండవ సగం మాత్రం ప్రమాదకరం. మనిషి నోటి ద్వారా పుచ్చుకొనే మందును చేప శ్వాసించే నీటిలో కలిపితే ఏమవుతుందో తెలుసుకోకుండా ఆ పనికి పూనుకొనరాదు.

క్రిమిరోగమని గుర్తించడం ఎట్లు?

ఏ చికిత్సకైనా రోగ నిర్ణయం ముందు. ఆరోగ్యంగా ఉన్న చేప మలం తిన్న మేత రంగులోనే ఉండి, తునిగి కిందపడుతుంది. పేగులలో క్రిములున్న చేప తెల్లని, జిగట గల, దారం వంటి మలాన్ని చాలాసేపు వెంట ఈడ్చుకొంటూ తిరుగుతుంది. కడుపు లోపలికి పోతుంది. తల వెనుక వీపు కండ తరిగి, వెన్ను కత్తి అంచువలె సన్నబడుతుంది. రంగు మాసి, మూలలో ఒంటరిగా నిలుస్తుంది. ఏంజెల్, డిస్కస్ వంటి జాతులలో తలపై చిన్న చిన్న గుంటలు కూడా పడవచ్చును.

గప్పీ, మోలీ, ప్లాటీ వంటి పిల్లలు పెట్టే చేపలలో మరొక లక్షణం కలదు. చేప కదలక నిలిచినప్పుడు మలద్వారం నుండి ఎర్రని సన్నని దారాలు రెండో మూడో బయటకు కనిపిస్తాయి. చేప కదలగానే లోపలికి ముడుచుకొంటాయి. ఇవి కెమలానస్ అనే క్రిములు. పేగు గోడను పట్టుకొని రక్తం పీల్చడం వలన వాటికి ఆ ఎరుపు.

ఒక హెచ్చరిక. రెండు మూడు రోజులు మేత లేని చేప కూడా తెల్లని మలమే విడుస్తుంది. అది వట్టి జిగట పొర. కాబట్టి ఒక్కనాటి తెల్లని మలాన్ని చూచి మందుకు పరుగెత్తరాదు. బాగా తింటూ కూడా వారం రోజులు అదే లక్షణం నిలిచి, చేప చిక్కుతుంటేనే క్రిమిరోగమని శంకించవలెను.

నీటిలో కషాయం పోయరాదు

మనం మందును మింగుతాము. అది జీర్ణకోశంలో పనిచేస్తుంది. చేపకు నీరే గాలి. నీటిలో కలిపినదంతా ముందుగా తాకేది దాని మొప్పలను. మొప్పల పొర అతి సున్నితమైనది, దాని క్రిందనే రక్తం ప్రవహిస్తుంది. మన గ్రామాలలో మంగకాయలు దంచి మడుగులో చల్లి చేపలను తేలేటట్లు చేసి పట్టడం పెద్దలు ఎరిగినదే. కాకమారి గింజలూ అందుకు వాడినవే. మనిషికి మేలు చేసే వనమూలిక నీటిలో చేపకు మృత్యువు కాగలదన్న జ్ఞానం మన జాలరులకు ఏనాడో ఉన్నది. వేపనూనె వంటివి నీటిపై జిడ్డు పొరగా వ్యాపించి మొప్పలకు అంటుకొంటాయి. చిక్కని కషాయం తొట్టిలో నిలువ ఉంటే కుళ్లి, నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది.

మా ఊరిలోనే ఒక ఇంట ఇది జరిగినది. పదకొండు గప్పీలున్న తొట్టిలో రెండింటికి ఎర్రని దారాలు కనిపించాయి. ఆ ఇంటి పెద్దావిడ మనుమడికి నులిపురుగులప్పుడు వాడిన వాయువిడంగాలను గుర్తుంచుకొని, గుప్పెడు తీసుకొని కషాయం కాచి రాత్రివేళ తొట్టిలో పోసినారు. తెల్లవారేసరికి చేపలన్నీ నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పదేళ్ల బాలుడు పరుగున వచ్చి నన్ను పిలిచినాడు. నేను వెళ్లేసరికి నాలుగు మరణించినవి. ముందురోజు పట్టి నిలువ ఉంచిన నీటితో సగం నీరు మార్పించి, గాలి మోటారును ఆపకుండా నడిపించినాను. మిగిలిన ఏడింటికి పశువైద్యుని సలహాతో సరియైన మందు వేయించగా అయిదు బ్రతికినవి. ఆ పెద్దావిడ ప్రేమలో లోపం లేదు. మందులోనూ దోషం లేదు. మార్గంలోనే దోషం.

మొదటి మెట్టు: అపకర్షణం

చరక సంహిత విమానస్థానం 7వ అధ్యాయంలో క్రిములను 20 విధాలుగా విభజించి, చికిత్సను మూడు మెట్లుగా చెప్పినారు. మొదటిది అపకర్షణం, అనగా ఉన్న క్రిమిని బయటకు లాగివేయడం. రెండవది ప్రకృతి విఘాతం, క్రిమి బ్రతికే పరిస్థితిని చెరచడం. మూడవది నిదాన పరివర్జనం, అది వచ్చే దారిని మూసివేయడం. ఈ క్రమం చేపల తొట్టికి అతికినట్లు సరిపోతుంది.

అపకర్షణానికి నేటి పశువైద్యంలోని మందులనే వాడవలసి ఉంటుంది. ఇది ఆయుర్వేద వైద్యుడు చెప్పదగిన మాటయేనా అని పాఠకులు అనుకోవచ్చును. రోగికి మేలు చేసేదే ఔషధమన్నది నేను గురుకులంలో నేర్చిన మొదటి పాఠం. ఈ మందులకు చేపపై ఎంత మోతాదు చెల్లునో లెక్క ఉన్నది. మన కషాయాలకు నీటిలో ఆ లెక్క లేదు.

ఎర్రని దారాలకు లెవామిసోల్ వాడుతారు. సాధారణంగా లీటరు నీటికి 2 మిల్లీగ్రాముల చొప్పున కలిపి, తొట్టికి గుడ్డ కప్పి వెలుతురు తగలకుండా 24 గంటలు ఉంచుతారు. ఈ మందు క్రిమిని చంపదు, పక్షవాతం వచ్చినట్లు దాని పట్టు సడలిస్తుంది. అప్పుడు చేప దానిని విసర్జిస్తుంది. అందువలన మరుసటి రోజు అడుగునంతా గొట్టంతో పీల్చివేసి, నీటిలో పెద్ద భాగం మార్చడం తప్పనిసరి. లేకుంటే విసర్జించిన క్రిములూ వాటి పిల్లలూ తొట్టిలోనే మిగిలి తిరిగి చేపకు చేరగలవు. రెండు మూడు వారాలకు మరొకసారి ఇదే చేయవలెను.

దారాలు లేక, తెల్లని జిగట మలం, తలపై గుంటలు ఉంటే అది కంటికి కనిపించని ఏకకణ క్రిమి పని కావచ్చును. దానికి మెట్రోనిడజోల్, బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్ వాడుతారు. ఒకదానికి వాడే మందు మరొకదానికి పనిచేయదు. కాబట్టి లక్షణాలను వ్రాసుకొని పశువైద్యునికి చూపి, మందూ మోతాదూ నిర్ణయించుకొనడం ఉత్తమం.

మోతాదుకు తొట్టి కొలత తెలియవలెను. పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60 పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు నీరుంటే 54 లీటర్లు. అడుగున గులకరాళ్లుంటే అవి ఆక్రమించిన స్థలాన్ని తగ్గించుకొనవలెను. ఫిల్టరులో బొగ్గు ఉంటే మందు వేసే రోజున తీసివేయవలెను, లేకుంటే మందును అదే పీల్చుకొంటుంది.

రెండవ మెట్టు: ప్రకృతి విఘాతం

కఫం, మలం పేరుకొన్న చోట క్రిమి వృద్ధి పొందుతుందని, కటు తిక్త రసాలు, ఉష్ణ ద్రవ్యాలు దానికి విరోధులని మన శాస్త్రం. తొట్టిలో కఫ మలాల స్థానంలో ఉన్నవి అడుగున చేరిన మిగులు మేత, విసర్జన, రాళ్లపై పాచి జిగట. వారానికొకసారి నాలుగోవంతు నీటిని మార్చుతూ అడుగును గొట్టంతో శుభ్రపరచవలెను. కుళాయి నీటిని ఒకరోజు వెడల్పాటి పాత్రలో ఉంచి పోస్తే క్లోరిన్ వాసన పోతుంది.

మనిషి అగ్ని శరీరంలో ఉంటుంది. చేప శీతరక్త ప్రాణి. దాని జీర్ణశక్తి నీటి వేడిమిని అనుసరిస్తుంది. గప్పీ, ఏంజెల్ వంటి ఉష్ణదేశపు చేపలకు నీరు 25 నుండి 28 డిగ్రీల సెల్సియస్ ఉండవలెను. చలికాలపు రాత్రులలో నీరు బాగా చల్లబడితే చేపకు అగ్నిమాంద్యం కలుగుతుంది. అప్పుడు మేత తగ్గించి, చిన్న హీటరు అమర్చడం మంచిది.

ఇంటి వైద్యానికి ఇక్కడ చోటున్నది. ఒక వెల్లుల్లి రెబ్బను చితిపి పది నిమిషాలుంచి, రసం పిండి, చేప గుళికలపై కొద్ది చుక్కలు వేసి, అరగంట ఆరనిచ్చి మేతగా వేయవలెను. రెండు మూడు నిమిషాలలో తినగలిగినంతే వేయవలెను. వారం రోజులు రోజుకొకసారి చాలును. వెల్లుల్లి వాసనకు చేప ఆకలి హెచ్చుతుంది, మందు కలిపిన మేతను కూడా తింటుంది. అయితే ముదిరిన క్రిమిరోగాన్ని వెల్లుల్లి ఒక్కటే పోగొడుతుందని నమ్మి కాలయాపన చేయరాదు.

మూడవ మెట్టు: నిదాన పరివర్జనం

ఇది అన్నిటికంటె ముఖ్యమైనది. పూర్వం మన పల్లెలలో నారికురుపు ఉండేది. మన గ్రంథాలలో దానిని స్నాయుకమన్నారు. సైక్లోప్స్ అనే సూక్ష్మమైన నీటిపురుగు దిగుడుబావి నీటిలో క్రిమి పిల్లను మోసేది. ఆ నీరు త్రాగినవారి కాలిలో మూరకు మించిన పొడవు గల దారం వంటి పురుగు బయలుదేరేది. దానిని చంపే మందు ఏదీ దొరకలేదు. నీటిని గుడ్డతో వడగట్టి త్రాగడం, దిగుడుబావులను మాన్పించడం వలననే అది పోయినది. దేశంలో చివరి రోగి 1996లో రాజస్థాన్‌లో కనిపించగా, 2000 సంవత్సరంలో భారతదేశం నారికురుపు నుండి విముక్తి పొందినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించినది. కేవలం నిదాన పరివర్జనంతో సాధించిన విజయమది.

చేపలలోని కెమలానస్ ఈ నారి పురుగుకు దూరపు బంధువే. అదీ సైక్లోప్స్ ద్వారా చేపకు చేరుతుంది. తొట్టిలో ఇరుకుగా ఉన్నప్పుడు సైక్లోప్స్ లేకుండానే ఒక చేప నుండి మరొక చేపకు సంక్రమించగలదు. కాబట్టి చెరువులలో, కాలువలలో పట్టిన సజీవ మేతను తొట్టిలో వేయరాదు. మురుగు కాలువలలో పెరిగే ట్యూబిఫెక్స్ పురుగులను అసలే వేయరాదు. గుళికలు గాని, ఆర్టీమియా గుడ్లను ఇంటనే పొదిగించి తీసిన పిల్లలు గాని వేయవచ్చును. కొత్తగా కొన్న చేపను నాలుగు వారాలు వేరు పాత్రలో ఉంచి, మలాన్ని గమనించిన తరువాతనే తొట్టిలో విడువవలెను. ఆ పాత్రకు వల, గొట్టం వేరుగా ఉండవలెను. వాడిన వలను ఎండలో పూర్తిగా ఆరబెట్టవలెను.

జబ్బు చేసిన చేపను జాలిపడి చెరువులో విడిచిపెట్టేవారున్నారు. అది దయ కాదు. ఆసియా ఖండపు ఈ ఎర్ర క్రిమి గప్పీ జాతి చేపలతో ప్రయాణించి హవాయి ద్వీపాల సెలయేళ్లలోని స్థానిక చేపలకు కూడా అంటుకొన్నది.

పిల్లలకు అంటుతుందా?

తల్లులు ఎక్కువగా భయపడే విషయమిది. తొట్టి చేపలోని కెమలానస్ మనిషి పేగులలో నివసించదు. పిల్లలకు వచ్చే ఏలికపాములు, నులిపురుగులు మనుష్యుల నుండి వచ్చేవే. అయినా తొట్టి నీటిని నోటితో పీల్చరాదు. చేతికి గాయముంటే అందులో చేయి పెట్టరాదు. పని ముగిసిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

చేపకు నోరు లేదు, నాడి చూడడానికి చేయి లేదు. దాని మలమే మనకు నాడి. రోజూ మేత వేసే వేళ రెండు నిమిషాలు తొట్టి ముందు కూర్చొని, ఏ చేప తింటున్నదో, ఏది వెనుకబడుతున్నదో చూడవలెను. ఈ పనిని ఇంటిలోని పిల్లలకు అప్పగించండి. లక్షణాన్ని తొలినాడే పట్టగలిగితే మూడు మెట్లలో మొదటిది సులభమవుతుంది. మూడవదానిని నిష్ఠగా పాటిస్తే మొదటిదాని అవసరం అరుదుగా వస్తుంది.