ఉన్నత విద్య: అందుబాటు, నాణ్యత

ఇంటర్మీడియట్ పూర్తయిన వారందరూ పై చదువులకు వెళ్లగలుగుతున్నారా? వెళ్లినవారికి మంచి చదువు అందుతున్నదా? మొదటి ప్రశ్న అందుబాటుకు, రెండవది నాణ్యతకు సంబంధించినది. ఈ రెండింటికీ గల సంబంధాన్ని ఈ భాగంలో పరిశీలిద్దాం.

1. అందుబాటును ఎలా కొలుస్తారు?

ఉన్నత విద్యలో చేరిన మొత్తం విద్యార్థుల సంఖ్యను 18 నుంచి 23 ఏళ్ల వయస్సు గల జనాభాతో భాగించి 100తో హెచ్చవేస్తే 'స్థూల నమోదు నిష్పత్తి' వస్తుంది. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం మన దేశంలో ఇది 28.4. షెడ్యూల్డు కులాలలో 25.9, షెడ్యూల్డు తెగలలో 21.2. వృత్తి విద్యను కూడా కలుపుకొని 2035 నాటికి ఈ నిష్పత్తిని 50కి చేర్చాలన్నది 2020 జాతీయ విద్యావిధానం లక్ష్యం.

2. సార్వత్రిక విశ్వవిద్యాలయాలు

కళాశాల దూరం, ఫీజులు, హాస్టలు ఖర్చు, బతుకుతెరువు, ఇంటి బాధ్యతలు చాలామందిని చదువుకు దూరం చేస్తాయి. ఇటువంటి వారి కోసం 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఇదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో దీనికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఉద్యోగం చేసుకుంటూ, ఇంటి వద్దనే పాఠాలు చదువుకొని, అధ్యయన కేంద్రంలో సందేహాలు తీర్చుకొనే వీలు ఈ విధానంలో ఉంది.

3. చేరితే చాలునా?

ఒక ఉదాహరణ చూద్దాం. బట్టల దుకాణంలో పనిచేసే ఒక యువతి దూరవిద్య ద్వారా డిగ్రీలో చేరిందనుకొనండి. పుస్తకాలు పరీక్షలకు ముందు అందాయి. తరగతులు ఆమెకు సెలవు లేని రోజుల్లో జరిగాయి. అసైన్‌మెంటు మీద మార్కులే తప్ప, తప్పు ఎక్కడ జరిగిందో ఎవరూ రాయలేదు. రెండవ సంవత్సరంలో ఆమె చదువు మానివేసింది. చేరిన ఏడాది నమోదు లెక్కలో ఆమె ఉంది. కాని ఆమెకు చదువు అందలేదు.

సీట్లు పెంచితే నాణ్యత తగ్గుతుందని కొందరు భావిస్తారు. తగినంతమంది అధ్యాపకులు, గ్రంథాలయం, ప్రయోగశాల లేకుండా పెంచితే అది నిజమే. అయితే తలుపు మూసివేయడం దానికి పరిష్కారం కాదు. చేరినవారు చివరివరకు నిలిచేటట్లు చూడడమే నాణ్యతకు మొదటి మెట్టు. కళాశాలల నాణ్యతను మదింపు చేయడానికి 1994లో బెంగుళూరు కేంద్రంగా 'న్యాక్' అనే సంస్థను ఏర్పాటు చేశారు.

మీరు రేపు డిగ్రీలో చేరదలిస్తే ఫీజు ఎంత అని మాత్రమే అడగకండి. పుస్తకాలు ఎప్పుడు ఇస్తారు, తరగతులు ఏ రోజుల్లో జరుగుతాయి, సందేహం వస్తే ఎవరిని అడగాలి అని కూడా తెలుసుకోండి. అది మీ హక్కు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఒక జిల్లాలో 18-23 ఏళ్ల వారు 2,00,000 మంది. ఉన్నత విద్యలో చేరినవారు 50,000 మంది. స్థూల నమోదు నిష్పత్తి ఎంత?
2. పై ఉదాహరణలోని యువతి చదువు ఆగిపోకుండా ఏయే ఏర్పాట్లు చేసి ఉండవలసినది? మూడు వాక్యాలలో రాయండి.

(మొదటి ప్రశ్నకు జవాబు: 25)