ఎముకల బొక్కసము - త్రాగునీటి పద్దు

దాతను బొగడునపుడు మనవారు "ఆయన చేతికి ఎముక లేదు" అందురు. మాట సొగసైనదే గాని శరీరశాస్త్రము దీని నంగీకరింపదు. మణికట్టు మొదలు వ్రేళ్ల కొనల వఱకు ఒక్కొక్క చేతియందు 27 ఎముకలున్నవి. ఒక్కొక్క పాదమునందు 26. రెండు చేతులకు, రెండు పాదములకు కలిసి 106. పెరిగిన మనుష్యుని దేహమందలి 206 ఎముకలలో సగమునకు మించి చేతులయందును పాదములయందును ఉన్నవన్నమాట. పట్టుటకును నడచుటకును ప్రకృతి యెంత సన్నని పనితనము చూపినదో యీ లెక్కయే చెప్పుచున్నది.

ఎముకలనిన తోడనే శ్మశానమో, వైద్యకళాశాలలో వ్రేలాడు పంజరమో జ్ఞప్తికి వచ్చును. అందుచేత విద్యావంతులు సైతము వానిని ఇంటి దూలములవంటి జడపదార్థములుగ తలచుచుందురు. ఆ తలపు సరికాదు. ఎముక సజీవమైనది. అది దేహమునకు స్తంభము మాత్రమే కాదు, బొక్కసము కూడ. బొక్కసమున మంచి నాణెముతో పాటు చెడ్డ నాణెమును చేరినచో నేమగునో తెలుగు పల్లెలు కొన్ని త్రాగునీటి మూలమున తెలిసికొనవలసి వచ్చినది. ఆ సంగతినే నేడు పాఠకులకు విన్నవింపదలచితిమి.

ముందుగ ఎముకల కూర్పును చూతము. దేహము నడిమి యిరుసుగ నిలుచునవి 80. అందు పుఱ్ఱెయందు 22, రెండు చెవులలోని చిన్న యెముకలు 6, నాలుక మొదట గొంతులో నుండునది 1, వెన్నున 26, ప్రక్కటెముకలు 24, ఱొమ్మెముక 1. తక్కిన 126 భుజములు, చేతులు, కటి, కాళ్లు అను అంగములకు చెందినవి. అప్పుడే పుట్టిన శిశువునందు ఈ లెక్క యింకను పెద్దది, సుమారు 300. పెరుగుచుండగా వానిలో పెక్కులు ఒండొంటితో నదుకుకొనును. మొదట 33గా నున్న వెన్నుపూసలు, నడుము క్రింది 5 యొకటిగను, తోకయెముకలోని 4 యొకటిగను కలియుటచే 26 అగుచున్నవి.

వీని పనులు ముఖ్యముగ అయిదు. దేహమును నిలుపుట మొదటిది. కండరములకు ఆధారమై కీళ్లయొద్ద కదలిక కలిగించుట రెండవది. లోపలి యవయవములను కాచుట మూడవది. పుఱ్ఱె మెదడును, ప్రక్కటెముకల గూడు గుండెను ఊపిరితిత్తులను కాపాడును. పూసల నడుమ నుండు సొరంగమున మెదడునుండి దిగిన వెన్నుపాము భద్రముగ నుండును. ఈ సొరంగము మాటను పాఠకులు మఱవకుందురు గాక. దానితో ముందు పనియున్నది. నెత్తుటి కణములను పుట్టించుట నాల్గవది. ఎఱ్ఱ మూలుగ యందు ప్రతి సెకనునకు ఇరువది లక్షలకు పైగా ఎఱ్ఱకణములు తయారగుచున్నవి.

అయిదవది నిలువ సేయుట. దేహమందలి కాల్షియములో నూటికి 99 పాళ్లు ఎముకలయందును దంతములయందును ఉన్నది. పెద్దవారియందు ఇది సుమారొక కిలో. మిగిలిన స్వల్పాంశము లేనిదే గుండె కొట్టుకొనదు, కండరము ముడువదు. నెత్తుటిలో కాల్షియము తగ్గెనా, కంఠమందలి నాలుగు చిన్న గ్రంథులు ఆజ్ఞ పంపును, బొక్కసము తెఱచుకొనును. ఎముకను కట్టు కణములు కొన్ని, కూల్చు కణములు కొన్ని అహర్నిశము పనిచేయుచుండును. పెద్దవారి ఎముకలలో ఏటేట సుమారు పదవవంతు ఈ విధముగ క్రొత్తదగుచున్నది. కాబట్టి నేడు మనము తినినదియు త్రాగినదియు రేపటి ఎముక యగుచున్నది.

ఇక్కడనే చిక్కు. ఎముక గట్టిదనము కాల్షియము, భాస్వరము కలిసిన స్ఫటికముల వలన వచ్చినది. ఆ స్ఫటికమున హైడ్రాక్సిల్ అను అంశమున కొక స్థానమున్నది. నీటిలోని ఫ్లోరైడు ఆ స్థానమున జొరబడి తానే కూర్చుండును. ఒకసారి స్వాధీనము పొందిన వానిని ఖాళీ చేయించుట యెంత కష్టమో మా న్యాయవాద మిత్రులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కొలదిపాటి ఫ్లోరైడు పండ్లకు మేలు చేయును. మితిమీరినచో పిల్లల పండ్లపై గారలును మచ్చలును ఏర్పడును. ఏండ్ల తరబడి పేరుకొనినచో ఎముకలు దట్టమగును. కీళ్లచుట్టునున్న కట్టుత్రాళ్లు సైతము ఎముకవలె బిగిసిపోవును. మెడ త్రిప్పుటయు, నడుము వంచుటయు దుర్భరమగును. వెన్నెముక సొరంగ మిఱుకై వెన్నుపామును నొక్కినపుడు కాళ్లు చచ్చుబడును. కాపాడవలసిన ప్రహరీయే కారాగారమగుట యనిన నిదియే.

ఈ వ్యాధి మనదేశమున కున్నట్లు వైద్యలోకమునకు తొలుత తెలిసినది తెలుగుసీమ నుండియే. నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా రోగులను గూర్చి షార్టు మొదలగు వైద్యులు 1937లో ప్రకటించిరి. 1973లో హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు, ఫ్లోరైడు ప్రాంతములలో మోకాళ్లు లోపలికి వంగి యొకదానినొకటి తాకు యువకులను గూర్చి 'లాన్సెట్' పత్రికలో వ్రాసిరి. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ప్రాంతముల పేళ్లు ఈ వ్యాధితోనే దేశమంతట వినబడినవి. అచ్చటి దోషము మనుష్యులది కాదు, భూగర్భమందలి రాతిది. ఆ రాతినుండి ఫ్లోరైడు నీటిలో కరగుచున్నది. అయినను ఆ నీటినే త్రాగవలసిన దుస్థితి మాత్రము మనుష్యులు తొలగింపదగినదే. కాల్షియము చాలని పేదతిండి దొరకుచోట వ్యాధి మఱింత తీవ్రమగును.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు మించరాదనియు, వేఱు నీరు దొరకనిచోట 1.5 వఱకు ఓర్వవచ్చుననియు భారతీయ ప్రమాణము విధించుచున్నది. ఈ నీటికి రంగు, రుచి, వాసన యేవియు వేఱుగ నుండవు. కాచినను ఫ్లోరైడు పోదు; నీరావిరియై తగ్గినకొలది దాని పాలు హెచ్చును. పటికయు సున్నమును కలిపి దానిని తేర్చు విధానమును నాగపురమందలి జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970 తరువాతి దశాబ్దమున రూపొందించినది. దానికి నల్లగొండ పేరే పెట్టిరి. తెలంగాణమున 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము నదీజలములను గొట్టములద్వారా పల్లెలకు చేర్చ నుద్దేశించినది. నిలుకడయైన త్రోవ యిదియే. కాని గొట్టపునీరు నాలుగు దినములు నిలిచినచో పల్లెవారు మరల పాత బోరుబావినే యాశ్రయింతురు. కాబట్టి పథకమునకు ప్రారంభోత్సవముకంటె ప్రతిదినపు సరఫరాయే ముఖ్యము.

రాజధానియందలి మా పాఠకులలో ఇంజనీర్లు, వైద్యులు, న్యాయవాదులు, సచివాలయోద్యోగులు గలరు. కాలుష్యరహితమగు నీటిని, గాలిని అనుభవించుట రాజ్యాంగపు 21వ అధికరణమందలి జీవించు హక్కులో భాగమని సుప్రీముకోర్టు 1991లో సుభాష్ కుమార్ వ్యాజ్యమున పలికినది. హక్కు కాగితముమీద నున్నది. దానిని బావిగట్టునకు చేర్చుట మనవంతు. ప్రతి బోరునొద్ద నీటిపరీక్షాఫలితమును తెలుగులో వ్రాయించుటకు, పరిమితి మించినచోట చేతిపంపునకు ఎఱ్ఱరంగు పూయించుటకు, పాఠశాలలయందు పిల్లల పండ్లను పరీక్షింపించుటకు గొప్ప నిధులక్కఱలేదు. బాలుని పంటిమీది గార ఎముకకు రానున్న ముప్పును ముందే తెలుపు నోటీసు వంటిది.

వంకరబోయిన ఎముకను సరిచేసి ఫ్లోరైడును వెడలగొట్టు మందు నేటివఱకు లేదు. ఎదుగుచున్న పిల్లల ఎముక పెద్దవారి ఎముకకంటె ఫ్లోరైడు నెక్కువగ పట్టుకొనును. న్యాయస్థానమున వ్యాజ్యమునకు వాయిదా దొరకును, కార్యాలయమున ఫైలు బల్లమీద నిలిచియుండును; పెరుగుచున్న ఎముకకు మాత్రము వాయిదా లేదు. ఈ సంవత్సరము త్రాగిన నీరు ఈ సంవత్సరమే పద్దున కెక్కును. బాధ్యులైనవా రీ సత్యమును గుర్తించి, ఏ పల్లె నీటి పరీక్ష యెప్పుడు జరిగినదో ముందు విచారింతురు గాక యని మా మనవి.