గాలానికి చిక్కిన ట్రౌటు

ఇంగ్లండులోని రట్‌లండ్ వాటర్ ఒక పెద్ద జలాశయం. అందులో ఇంద్రధనుస్సు ట్రౌటు చేపలను పెంచి వదలుతారు. ఈకలు, దారం చుట్టి చేసిన బొమ్మ ఈగను విసరి, వాటిని గాలంతో పట్టడం అక్కడి వినోదం. రెండు కిలోల చేప ఒక్కొక్కప్పుడు మూడు కిలోల బరువును మోయగల దారాన్ని తెంపుకొని పోతుంది. కారణమేమి?

నీటిలో చేప బరువు లెక్కకు రాదు. దాని వేగమే ముఖ్యం. పరుగెత్తే వస్తువును ఎంత తక్కువ కాలంలో ఆపితే అంత ఎక్కువ బలం కావలెను. క్రికెట్ బంతిని పట్టేవాడు చేతులను వెనుకకు తీసికొనేది ఇందుకే. గాలపుకర్ర వంగి అదే పని చేస్తుంది. చేప పరుగెత్తేటప్పుడు రీలు నుండి దారాన్ని కొంచెం బిగువుతో జారనివ్వవలెను, ఆగినప్పుడు చుట్టుకొనవలెను. కర్రను ప్రక్కకు వంచి లాగితే చేప తల తిరిగి, పరుగు దారి తప్పుతుంది.

అయితే ఎంతసేపు ఆడిస్తే అంత నేర్పు అనుకొనుట పొరపాటు. ఈ పెనుగులాటలో చేప తెల్ల కండరాలు ఆక్సిజన్ లేకుండానే గ్లైకోజెన్‌ను ఖర్చు చేస్తాయి. లాక్టిక్ ఆమ్లం పేరుకొంటుంది. తేరుకొనడానికి గంటలు పడుతుంది. వెచ్చని నీటిలో ఈ కష్టం హెచ్చు: 10 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు మంచినీటిలో సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 20 డిగ్రీల వద్ద కరిగేది 9 మాత్రమే.

1992లో ఫెర్గూసన్, టఫ్ట్స్ అనే శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగంలో, అలసిన ట్రౌటులలో నూటికి 12 చనిపోయాయి. అలసిన పిమ్మట ఒక నిమిషం గాలిలో ఉంచినవాటిలో నూటికి 72 చనిపోయాయి. కనుక తిరిగి వదలదలచిన చేపను త్వరగా దగ్గరకు తెచ్చి, నీటిలోనే గాలం విప్పవలెను.