సారథి కూర్చున్న చోటు

భారతకథలో యుద్ధమునకు బయలుదేరు ప్రతి వీరుడును మొదట వెదకునది సారథిని. ఉత్తరకుమారుడు కౌరవసేనపైకి పోదలచినప్పుడు తనకు లేనిదని చెప్పుకొన్నది విల్లు కాదు, సారథియే. కర్ణుడు కోరి కోరి శల్యుని తెచ్చుకొన్నాడు; ఆ శల్యుని మాటలే అతని ధైర్యమును క్రుంగదీసినవి. రథికుని ప్రాణము సారథి చేతిలో నున్నదని పూర్వులకు బాగుగా తెలియును. ఐతే ఆనాటి సారథి గుర్రముల పగ్గములు బిగబట్టి, ఒడలెల్ల శ్రమింపగా రథము నడపినవాడు. నేటి సారథికి గుర్రములు లేవు, కుర్చీ యున్నది. గంటల తరబడి అందులో కూర్చుండుటయే అతని వృత్తి. వెనుక కూర్చున్న ఏబదిమంది ప్రాణములును ఆ కుర్చీనే నమ్ముకొని యున్నవి.

ఆ కుర్చీ మనిషి దేహమును ఏమి చేయునో శ్రద్ధగా లెక్కకట్టి చూచినది లండను నగరములో. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇంగ్లండులో గుండెపోటు మరణములు అంతకంతకు హెచ్చుచుండగా, జెరెమీ మారిస్ అను వైద్యశాస్త్రజ్ఞునకు ఒక అనుమానము కలిగినది: మనిషి చేయు పనికిని అతని గుండెకును సంబంధముండునా? లండను రవాణా సంస్థలోని వైద్యుల తోడ్పాటుతో ఆయన 35 మొదలు 64 ఏండ్ల వయస్సుగల సుమారు 31,000 మంది ఉద్యోగుల వివరములు సేకరించినాడు. ఈ పరీక్షకు అక్కడి రెండంతస్తుల బస్సు దేవుడిచ్చిన వరమైనది. బస్సు ఒకటే, సంస్థ ఒకటే, ఉద్యోగులిద్దరును ఒకే తరగతి కుటుంబములవారు. కాని డ్రైవరు పనివేళలో నూటికి తొంబదిపాళ్లు కూర్చుండియే యుండును. కండక్టరు టిక్కెట్లిచ్చుటకై రోజునకు 500 మొదలు 750 మెట్ల వరకు ఎక్కును. 1953లో లాన్సెట్ పత్రికలో ఫలితములు వెలువడినవి. ఏడాదికి వేయిమంది డ్రైవర్లలో 2.7 వంతున గుండెజబ్బు కలుగగా, కండక్టర్లలో అది 1.9 మాత్రమే. జబ్బు బయటపడిన కొద్దికాలములోనే మరణించుట కూడ డ్రైవర్లలోనే ఎక్కువ.

ఇక్కడ తెలివిగల విద్యార్థి ఒక ప్రశ్న వేయవలెను. కూర్చుండుట వలన డ్రైవరు గుండె చెడినదా, లేక మొదటినుండి లావుగా నున్నవారే డ్రైవరు పనిలో చేరుచున్నారా? మారిస్ ఈ ప్రశ్నను దాటవేయలేదు. సంస్థ తన ఉద్యోగులకు యూనిఫారములు కుట్టించి యిచ్చును గనుక వారి కొలతలన్నియు చిట్టాలలో భద్రముగా నున్నవి. వానిని తీసి చూడగా డ్రైవర్ల నడుము కొలతలు కండక్టర్ల కొలతలకంటె పెద్దవిగా తేలినవి. పిన్నవయస్కులలోను ఆ తేడా యున్నది. 1956లో ఆయన ఈ సంగతిని దాచక ప్రకటించినాడు. తన వాదమునకు కొంత అడ్డువచ్చు సాక్ష్యమును తానే వెదకి తెచ్చుట పండితులలో అంత తరచుగా కనబడు గుణము కాదు. ఐనను సన్ననివారిని సన్ననివారితోను, లావువారిని లావువారితోను పోల్చి చూచినప్పుడు కూడ కండక్టరుకే ఆయువు మెరుగుగా కనబడినది. లావు ఒక కారణము, కదలకపోవుట మరియొకటి.

నడుము కొలత దర్జీ పనిగా తోచును గాని, నేడు వైద్యుడు కూడ టేపు పట్టుకొని మొదట చూచునది దానినే. పొట్టలోపల అవయవముల చుట్టును చేరిన కొవ్వు ఇన్సులిన్ పనికి అడ్డుపడును. అప్పుడు రక్తములో చక్కెర, కొవ్వు, రక్తపుపోటు ఒకదాని వెంట నొకటి పెరుగును. ఈ గుంపునకే మెటబాలిక్ సిండ్రోమ్ అని పేరు. మనదేశపు పురుషునకు నడుము 90 సెంటీమీటర్లు చేరుటయే హెచ్చరిక. పరగడుపున చక్కెర 100, రక్తపుపోటు 130/85 చేరుట మరి రెండు గుర్తులు. దీనిలో నొప్పి లేదు, జ్వరము లేదు. మనిషి బాగుగానే యున్నాననుకొని డ్యూటీకి పోవును. రాత్రి డ్యూటీలు నిద్రవేళను తారుమారు చేయును. అర్ధరాత్రి దాటిన పిమ్మట రోడ్డుపక్క దుకాణములో దొరకునది తీపి టీయు, నూనెలో వేగిన బజ్జీలును. వానిని తిన్నందుకు డ్రైవరును నిందించుట సులభము. ఆవేళ అతనికి వేరేమి పెట్టుదురో చెప్పుట కష్టము.

గుమాస్తాకు ఈ జబ్బు వచ్చినచో కష్టము అతని ఇంటివరకే. బండి నడుపువాని సంగతి వేరు. మెడచుట్టు కొవ్వు పేరుకొన్నవారిలో పలువురికి నిద్రలో గొంతు మూసికొనిపోయి ఊపిరి ఆగును. ఉలిక్కిపడి ఊపిరి పీల్చి మరల నిద్రపోవుదురు. తీవ్రముగా నున్నవారికి ఇది రాత్రికి వందలసార్లు జరుగును; తెల్లవారిన తరువాత ఒక్కటియు జ్ఞాపకముండదు. ఇంటివారు మాత్రము గురక పెట్టినాడందురు. ఇదియే స్లీప్ ఆప్నియా. 2013 డిసెంబరు 1, ఆదివారము ఉదయము, న్యూయార్కు నగరములో ఒక రైలు గంటకు 30 మైళ్ల వేగముతో తిరుగవలసిన మలుపులోనికి 82 మైళ్ల వేగముతో ప్రవేశించి పట్టాలు తప్పినది. నలుగురు మరణించినారు. రైలు నడుపువాడు త్రాగలేదు, అజాగ్రత్తపరుడు కాడు, నిద్రలోనికి జారినాడు. తీవ్రమైన స్లీప్ ఆప్నియా తనకున్నదని ప్రమాదము తరువాతనే అతనికి తెలిసినది.

మరి ముందుగా పరీక్షింపరాదా? అసలు చిక్కు ఇక్కడనే యున్నది. పరీక్షలో తప్పినచో స్టీరింగు పోవునన్న భయము డ్రైవరుకు కలదు. పిల్లల చదువు, ఇంటి అద్దె ఆ స్టీరింగుతో ముడిపడి యున్నవి. అందువలన అతడు మగతను చెప్పడు, చక్కెరను చెప్పడు. రోగమును శిక్షించు పరీక్ష రోగమును దాచుటనే నేర్పును. అమెరికాలో ఇన్సులిన్ వాడువారు రాష్ట్రముల నడుమ తిరుగు లారీలు, బస్సులు నడుపుటకు ప్రత్యేకమైన మినహాయింపు పొందవలసియుండెడిది. 2018లో ఆ కట్టుబాటును సడలించి, వ్యాధి అదుపులో నున్నదని చికిత్స చేయు వైద్యుడు ధ్రువపరచి, పరీక్షాధికారి అంగీకరించినచో చాలునన్నారు. ఇది వివేకము. అంతకు ముందేడే, 2017 ఆగస్టులో, డ్రైవర్లకును రైలు నడుపువారికిని స్లీప్ ఆప్నియా పరీక్షలు జరుపు నిబంధన ప్రతిపాదనను అదే దేశము విరమించుకొన్నది. ఇది వివేకమని చెప్పుట కష్టము.

తెలుగునాట కొన్ని బస్సులలో కండక్టరు లేడు. టిక్కెట్ల యంత్రము కూడ డ్రైవరు చేతికే వచ్చినది. లండనులోను అంతే. కండక్టరు ఎక్కి దిగిన ఆ పాత రెండంతస్తుల బస్సులు 2005 డిసెంబరులో సామాన్య మార్గములనుండి తొలగిపోయినవి. మారిస్ మరి నాలుగేండ్లు బ్రతికి, 2009లో, తన 99వ ఏట కన్నుమూసినాడు.