జలుబు మాత్రల ప్రకటనలు: ఎంతవరకు నమ్మవచ్చు?



కిందటి డిసెంబరులో ఒక తల్లి పదకొండు నెలల బాబును ఎత్తుకొని సాయంత్రం వేళ క్యాజువాలిటీకి వచ్చింది. "జలుబే కదా సిస్టరమ్మా, నాలుగు రోజుల నుండి హోమియో మాత్రలు వేస్తున్నాను. త్వరగా తగ్గిస్తుందని సీసా మీద రాసి ఉంది" అన్నది. బాబు చొక్కా పైకి తీసి చూస్తే డొక్కలు ఎగరేస్తున్నాడు. గడియారం పట్టుకొని లెక్కపెట్టాను. నిమిషానికి 64 సార్లు ఊపిరి తీస్తున్నాడు. అది జలుబు కాదు, నిమోనియా. వెంటనే ఆక్సిజన్ పెట్టి వైద్యం మొదలుపెట్టారు. దేవుని కృపవలన ఆరవ రోజున నవ్వుతూ ఇంటికి వెళ్ళాడు.

ఆ తల్లిని నేను తప్పుపట్టను. ఆమె ప్రకటనను నమ్మింది. ఆ ప్రకటనలలో నిజమెంతో ఈ నెల పరిశీలిద్దాం.

జలుబు ఎలా తగ్గుతుంది?

జలుబు వైరస్‌ల వలన వస్తుంది. రెండు మూడు రోజులలో బాగా ఎక్కువై, ఏడు నుండి పది రోజులలో చాలామందికి తనంతట తానే తగ్గిపోతుంది. దగ్గు మాత్రం ఇంకొన్నాళ్ళు ఉండవచ్చు. మనం మందు కొనేది ఎప్పుడు? ఇక భరించలేము అనుకున్న మూడవ రోజున. ఆ తరువాత ఏమి వేసుకున్నా, ఏమీ వేసుకోకపోయినా, తేలికపడే రోజులే వస్తాయి. ఆ పేరు మాత్రకు దక్కుతుంది. "నాకు తగ్గింది" అని చెప్పే పొరుగింటావిడ అబద్ధం చెప్పడం లేదు. కాని ఆ మాత్ర వల్లనే తగ్గిందని దానితో రుజువు కాదు. సగం మందికి ఆ మందు, సగం మందికి ఉత్త చక్కెర మాత్ర ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ వైద్యునికీ తెలియకుండా పోల్చి చూస్తేనే తెలుస్తుంది.

మాత్రలో ఏమున్నది?

సీసా మీద 30 అని ఉంటే, మూలపదార్థాన్ని ఒక వంతుకు తొంభై తొమ్మిది వంతుల ద్రవం చొప్పున ముప్పైసార్లు పలుచన చేశారని సాధారణంగా అర్థం. ఆరవసారికే అది లక్ష కోట్లలో ఒక వంతు అవుతుంది. పన్నెండుసార్లు దాటితే మొదటి పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. మిగిలేది చక్కెర గోళీయే.

విదేశాలలో ఫ్లూకు ఎక్కువగా అమ్ముడయ్యే హోమియో మందులలో ఆసిలోకాక్సినమ్ ఒకటి. 1918 ప్రాంతపు ఫ్లూ కాలంలో జోసెఫ్ రాయ్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగుల రక్తంలో ఊగిసలాడే ఒక క్రిమిని చూశానని చెప్పి, దానికి ఆసిలోకాకస్ అని పేరు పెట్టాడు. ఆ క్రిమి ఉన్నదని ఆ తరువాత ఎవరూ రుజువు చేయలేదు. ఫ్లూకు కారణం వైరస్ అని 1933లో తేలింది. అయినా బాతు గుండె, కాలేయములను 200 సార్లు పలుచన చేసిన ఆ మందు నేటికీ అమ్ముతున్నారు. దీనిపై జరిగిన పరీక్షలను కోక్రేన్ సంస్థ వారు 2015లో సమీక్షించారు. ఫ్లూ రాకుండా ఆపుతుందనడానికిగాని, వచ్చినదానిని తగ్గిస్తుందనడానికిగాని నమ్మదగిన ఆధారం చాలదని తేల్చారు.

2020లో కరోనా రాకుండా ఆర్సెనికమ్ ఆల్బమ్ 30 వేసుకోవచ్చని కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ సూచించింది. మన ఊళ్ళలోనూ సీసాలు పంచారు. మనలో చాలామంది వేసుకున్నాము. అది కరోనాను ఆపిందనడానికి కూడా గట్టి ఆధారం దొరకలేదు.

"దుష్ఫలితాలు లేవు" అంటే?

ఏమీ లేని మాత్రకు దుష్ఫలితం ఉండకపోవడంలో వింత లేదు. కాని హోమియో అని రాసినవన్నీ అలాంటివి కావు. అమెరికాలో జైకామ్ అనే జలుబు మందును ముక్కులో రాసుకొనే జెల్‌గా అమ్మేవారు. అందులో జింక్ గణనీయంగానే ఉండేది. వాసన తెలియకుండా పోయిందని 130కి పైగా ఫిర్యాదులు రావడంతో, వాడవద్దని 2009లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మాత్రలో ఉండదు. దానిని నమ్ముకొని గడిపిన రోజులలో ఉంటుంది.

న్యాయంగా చెప్పాలంటే, ఇంగ్లీషు మందుల ప్రకటనలను కూడా ఇలాగే పరీక్షించాలి. జలుబు సిరప్‌లు జలుబును నయం చేయవు. ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమైన్ కలిసిన సిరప్‌లు నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని 2023లో మన ఔషధ నియంత్రణాధికారి ఆదేశించారు. యాంటీబయాటిక్‌లు వైరస్ మీద పనిచేయవు.

ప్రకటన చూసినప్పుడు అడగవలసినవి

1. ఇందులో ఏ పదార్థం ఎంత ఉన్నది?
2. మందు లేకుండా ఎన్ని రోజులలో తగ్గేది?
3. చక్కెర మాత్రతో పోల్చి చూశారా? లేక వాడినవారి సాక్ష్యాలు మాత్రమే చూపుతున్నారా?
4. ఎప్పుడు ఆస్పత్రికి వెళ్ళాలో అందులో రాశారా?

ఇంట్లో ఏమి చేయాలి?

విశ్రాంతి, గోరువెచ్చని నీళ్ళు, గంజి, పలుచని జావ ఇవ్వండి. పాలు తాగే బిడ్డకు తల్లిపాలు మానవద్దు. ముక్కు మూసుకుపోతే సెలైన్ చుక్కలు వేయవచ్చు. జ్వరానికి పారసిటమాల్‌ను బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదులోనే ఇవ్వండి. పిల్లలకు ఆస్పిరిన్ వద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించవద్దు. మరిగే నీళ్ళ గిన్నె మీద పిల్లలకు ఆవిరి పట్టవద్దు. కాలిన పిల్లలను మేము చూస్తూనే ఉన్నాము. గర్భిణీలు, వృద్ధులు, ఆస్తమా, షుగరు ఉన్నవారు ఏటా ఫ్లూ టీకా గురించి డాక్టరును అడగండి.

ఆలస్యం చేయకూడని గుర్తులు

బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట కదలికను చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, రెండు నెలల నుండి ఏడాది లోపు 50, ఏడాది నుండి ఐదేళ్ళ లోపు 40, లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే వెంటనే తీసుకురండి. డొక్కలు ఎగరేయడం, పాలు తాగలేకపోవడం, పెదవులు నీలంగా మారడం, ఫిట్స్, మత్తుగా పడి ఉండటం కూడా ప్రమాద గుర్తులే. రెండు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే చాలు, ఆగవద్దు. పెద్దలలో ఆయాసం, ఛాతీ నొప్పి, మూడు రోజులు దాటిన జ్వరం, తగ్గి మళ్ళీ వచ్చిన జ్వరం అశ్రద్ధ చేయరాదు.

హోమియో మాత్ర వేశామని చెప్పడానికి ఎవరూ భయపడవద్దు. మేము కోప్పడము. ఏమి వేశారో, ఎన్ని రోజులు వేశారో చెప్పండి. ఆ సీసా కూడా వెంట తీసుకురండి. ఇంట్లో సెకన్ల ముల్లున్న గడియారం ఒకటి ఉంచుకోండి. ఆ రాత్రి ఆ బాబు ప్రమాదం మాకు తెలిసింది దానితోనే.

దేవుడు మీ కుటుంబములను ఆరోగ్యముతో కాపాడును గాక.

నర్సింగ్ సూపరింటెండెంట్