బుల్లెట్టు కుదుపు: తప్పు స్ప్రింగుది కాదు, ఆయిలుది!

పలమనేరు (మన విలేఖరి): తెల్లవారుజామున నాలుగు గంటలకే రెండు పాల క్యాన్లు వెనుక కట్టుకుని బయలుదేరే ఒక పాల వ్యాపారి మొన్నటి దాకా తన బుల్లెట్టు మోటారు సైకిలును పాత ఇనుము కొనేవారికి ఇచ్చేయాలనుకున్నారు. చెడిపోయింది ఇంజను కాదు, ఆయన నడుము. "ఎక్కిన కాడ్నించీ దిగే దాకా ఎత్తెత్తి వేస్తావుంది సామీ. డాక్టరేమో బండి మానేయమన్నాడు. మానేస్తే పాలు ఎవురు మోస్తారు?" అని ఆయన ఈ విలేఖరితో వాపోయారు.

ఒక్క నడుము నొప్పే అయితే ఓర్చుకునేవారేమో. గంగవరం వైపు పల్లెల నుంచి మట్టి రోడ్డు మీద పలమనేరు చేరేసరికి క్యాను మూత లోపల వెన్నపూస అంటుకునేదట. దారిలోనే చిలికిన పాలలో వెన్న శాతం పరీక్షకు సరిగా చిక్కదు. ధర కట్టేది ఆ శాతాన్ని బట్టే గనుక దెబ్బ నేరుగా జేబుకు తగిలింది.

ఈ బండి ఆయన తండ్రి కొన్నది, 1980ల నాటి 350 మోడలు. కుదుపు మొదలైన కొత్తలో ఒక షాపులో చూపిస్తే స్ప్రింగులు మెత్తబడ్డాయని చెప్పి వెనుక గట్టి స్ప్రింగుల షాక్ అబ్జార్బర్లు బిగించారు. ముందు ఫోర్కులో స్ప్రింగుల పైన ఇనుప పైపు ముక్కలు కోసి పెట్టారు. బండి రెండు వేళ్ల ఎత్తు లేచి చూపుకు ఠీవిగా కనిపించింది. కుదుపు మాత్రం రెట్టింపయింది.

గట్టిదే మంచిదన్న ఈ నమ్మకం మన జిల్లాలో పుట్టింది కాదు. ఇంగ్లండులో రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత కూడా ‘ట్రయల్స్’ పోటీలకు వెళ్లేవారు అలాగే అనుకునేవారు. ట్రయల్స్ అంటే వేగపు పందెం కాదు. బండలు, వాగులు, బురద ఉన్న దారిలో కాలు నేలకు ఆనించకుండా బండి తోలాలి. కాలు ఆనితే మార్కులు పోతాయి. తలకోన వాగులో నీళ్లు తగ్గాక రాళ్ల మీదుగా బండి నడిపినట్టు ఊహించుకోవచ్చు (అటవీ శాఖ వారు ఒప్పుకోరనుకోండి). వెనుక చక్రం ఫ్రేముకు గట్టిగా బిగించి ఉంటేనే నేల మీద పట్టు దొరుకుతుందని నాటి అభిప్రాయం.

1948లో రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ వెనుక చక్రాన్ని పైకీ కిందికీ ఊగే స్వింగ్ ఆర్మ్‌కు తగిలించి, ఆయిలుతో పనిచేసే షాక్ అబ్జార్బర్లు పెట్టిన బుల్లెట్లను కోల్‌మోర్ కప్ ట్రయల్‌లో దించింది. అదే ఏడాది ఇటలీలోని శాన్ రెమోలో జరిగిన ఆరు రోజుల అంతర్జాతీయ పోటీలో బ్రిటన్ జట్టు ట్రోఫీ గెలిచింది. ఆ జట్టులోని చార్లీ రోజర్స్, విక్ బ్రిటెన్ నడిపినవి ఈ బళ్లే. విక్ కుమారుడు జానీ బ్రిటెన్ 1952లోను, తిరిగి 1957లోను స్కాటిష్ ఆరు రోజుల ట్రయల్‌ను బుల్లెట్టు మీదనే గెలవడం విశేషం. 1955 నుంచి మన పక్కనున్న మద్రాసులో తయారైనది ఆ వంశపు బండే. 2019లో జానీ విజయాలను గుర్తు చేస్తూ కంపెనీ ‘బుల్లెట్ ట్రయల్స్’ మోడలు తెచ్చింది గానీ అది ఎక్కువ కాలం నిలవలేదు.

పలమనేరులో చిన్న షెడ్డు నడిపే ముసలి మెకానిక్కుకు ఈ చరిత్రతో పని లేదు. పాల వ్యాపారి బండి తీసుకురాగానే ఆయన స్పానరు పట్టలేదు. సీటు వెనుక రెండు చేతులూ వేసి బలంగా నొక్కి వదిలారు. బండి ఒకసారి పైకి లేచి కుదురుకోవాలి. ఇది నాలుగుసార్లు ఎగిరింది. "చూసినావా నాయనా? స్ప్రింగు పనిచేస్తానే ఉండాది. దాన్ని పట్టుకునేవాడే లేడు" అన్నారు.

స్ప్రింగు చేసేది బరువు మోయడమే. నొక్కుకున్న స్ప్రింగు ఎగిరి విచ్చుకోకుండా పట్టి ఆపేది గొట్టంలోని ఆయిలు. సన్నని రంధ్రాల గుండా దూరి పోవలసి రావడం వల్ల అది కదలికను నెమ్మది చేస్తుంది. ఫోర్కు కాళ్ల అడుగున ఉండే చిన్న స్క్రూలు విప్పితే రెండింటి నుంచీ కలిపి టీ గ్లాసెడు ఆయిలు కూడా రాలేదు. వచ్చినది నల్లగా, నీరు కలిసిన చోట బూడిద రంగులో ఉంది. ఆయిల్ సీళ్లు ఎండి చిట్లాయి. పైపు ముక్కలను తీసి పక్కన పడేశారు. వాటితో స్ప్రింగు గట్టిపడదట. ముందే కొంత నొక్కి పెట్టినట్టయి బండి పైకి లేస్తుందే తప్ప, గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి దిగేందుకు జాగా మిగలదు.

తర్వాత టేపుతో కొలత. చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడు ఇరుసు నుంచి మడ్‌గార్డు మీద పెట్టిన గుర్తుకు ఎంత దూరం ఉందో, మనిషి కూర్చున్నాక ఎంత ఉందో చూస్తారు. మొత్తం కదలికలో పావు నుంచి మూడో వంతు వరకు దిగితే సరి. బుల్లెట్టు వెనుక చక్రానికి ఉన్న కదలికే సుమారు 80 మిల్లీమీటర్లు. అంటే సుమారు ఒక అంగుళం దిగాలి. ఈ బండి గట్టి స్ప్రింగుల మీద గోరంత కూడా దిగలేదు.

వెనుక మామూలు స్ప్రింగుల షాక్ అబ్జార్బర్ల జత కొత్తది వేశారు. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి చక్రాన్ని అటూ ఇటూ ఊపితే స్వింగ్ ఆర్మ్ బుష్షులు అరిగినట్టు తేలింది. వాటినీ మార్చారు. ఫోర్కు కాళ్లలో కొత్త ఆయిలు కొలత గ్లాసుతో సమానంగా పోశారు. చిక్కటి ఆయిలు పోస్తే ఇంకా మంచిది కదా అని ఈ విలేఖరి అడగ్గా ఆయన నవ్వారు. మరీ చిక్కనైతే ఒక గుంతలో నొక్కుకున్న ఫోర్కు రెండో గుంత వచ్చే లోగా విచ్చుకోదట. వరస గుంతల రోడ్డులో అలా కుంచించుకుపోయి, చివరికి కట్టె మాదిరి తయారవుతుందట.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. నిండు క్యాన్లతో వెళ్లేటప్పుడు వెనుక స్ప్రింగును పై మెట్టుకు, ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు కింది మెట్టుకు తిప్పాలి. రోజూ రెండు పూటలా స్పానరు పట్టుకుని కూర్చునేదెవరు? పాల వ్యాపారి నడిమి మెట్టులో వదిలేశారు. అందుకు బదులు క్యాన్ల చట్రాన్ని జానెడు ముందుకు జరిపి, కాస్త కిందికి దించి కట్టించుకున్నారు. సగం నింపిన క్యాను ఎక్కువ చిలుకుతుందని, ఇప్పుడు ఒక క్యాను గొంతు దాకా నిండాకే రెండో దాంట్లో పోస్తున్నారు.

పది రోజుల తర్వాత కలిసినప్పుడు నడుము ఎలా ఉందని అడిగితే "నొప్పి పోలేదు, గానీ కూర్చోగలుగుతాండా" అన్నారు. మూతకు వెన్న అంటుకోవడం తగ్గిందట. విప్పేసిన గట్టి స్ప్రింగులను మాత్రం ఇంటికి తీసుకెళ్లారు. దొడ్డి తలుపు దానంతటదే మూసుకోవడానికి ఒకటి బిగించారట. రెండోది ఎవరైనా అడిగితే ఇస్తానన్నారు.